పంచమి ముందు రోజు చదివిన వాక్యం

మా మేనత్తకు చదువు రాదు. నాకు వచ్చునని ఆమె నమ్మింది. నన్ను చదువుకున్నవాడిగా లెక్కేసిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. ఆ నమ్మకమే ఇద్దరి కొంపా ముంచింది.

నన్ను పదేళ్ల వయసులో మా ఊరు మల్లట్ నుంచి రాయచూరుకు, ఆమె ఇంటికి పంపించాడు మా నాయన. ఊళ్లో చేను నమ్ముకుంటే తనలాగే అయిపోతానని, టౌనులో చదివితే కుర్చీలో కూర్చుంటానని ఆయన ఆశ. ఏడో తరగతిలో బడి వదిలేశాను. వదిలేశాననడం కొంచెం గొప్పకే. లెక్కల మాస్టారూ నేనూ ఒకే గదిలో ఇమడలేకపోయాం; ఆయనకు జీతం వస్తుంది కాబట్టి నేనే బయటికి వచ్చాను. అది కన్నడ బడి. తెలుగు అక్షరాలు నాకెవరూ నేర్పలేదు. కన్నడ అక్షరానికి తల మీద టోపీ మారిస్తే తెలుగు అవుతుందని సినిమా పోస్టర్ల ముందు నిలబడి నేనే కనిపెట్టుకున్నాను. అందుకే నేను చదివిన తెలుగంతా మొదట హీరోల పేర్లు, తర్వాత దేవుడి మాటలు. మధ్యలో ఇంకేమీ లేదు.

తర్వాత స్టేషన్ రోడ్డులో మిర్చి బజ్జీల బండి పెట్టుకున్నాను. మిర్చి ఎవరైనా వేస్తారు, నా బండి దగ్గరికి జనం వచ్చేది మాటల కోసం. కారం ఎక్కువైందని ఎవరైనా అంటే, "మీ ఇంట్ల మాట్లాడేదాని కన్న తక్కువే ఉంటది సార్" అనేవాణ్ణి. తిట్టుకుంటూనే ఇంకో ప్లేటు తినేవారు.

మా మామ జబ్బుపడి ఆస్పత్రిలో పోయినప్పుడు, పక్క మంచం వాళ్లను చూడడానికి వచ్చిన చర్చి సంఘం ఆడవాళ్లు మా అత్త పక్కన రాత్రీ పగలూ కూర్చున్నారు. అలా ఆమె యేసయ్యను తెలుసుకుంది. తన కూతుర్ని నాకే ఇవ్వాలని మొదటి నుంచీ అనుకున్నదే, కానీ ఇప్పుడు ఒక షరతు పెట్టింది: ఆదివారం యేసయ్య గుడికి రావాలి. నేను పిల్ల కోసం వెళ్లాను. ఇది దాచి లాభం లేదు. బాప్తిస్మం నీళ్లలో మునిగినప్పుడు కూడా నా తలలో పెళ్లి భోజనాల లెక్కే తిరిగింది. నేను నమ్మింది దేవుణ్ణి కాదు, మా అత్తను. ఆమె నమ్మింది కాబట్టి సరుకు మంచిదే అయి ఉంటుంది అనుకున్నాను.

మా నాయన పెళ్లికి రాలేదు. "సదువుకోమని పంపితె కొడుకునే గుంజుకున్నది. ఇగ దాని గడప తొక్క" అన్నాడట. ఆయన ఆమెకు సొంత తమ్ముడు. చిన్నప్పుడు చంకనెత్తుకొని తిప్పిన అక్క ఆమె.

మధ్యాహ్నాలు మా ఆవిడ ఆస్పత్రిలో ఆయా పనికి పోయేది. ఇంట్లో అత్తా నేనూ. ఆమె కింద కూర్చొని సాయంత్రం బండికి మిరపకాయలు చీల్చి గింజలు తీస్తుంటే, నేను గోడకు ఆనుకొని బైబిలు గ్రంథం తెరిచి చదవాలి. అది రోజూ జరగాల్సిందే. మా ఆవిడకు కన్నడ బాగా వచ్చు, కన్నడ గ్రంథం తెచ్చి తాను చదువుతానంది ఒకసారి. అత్త ఒప్పుకోలేదు. "కూరగాయలకు కన్నడ చాలు బిడ్డా, దేవుడు నాతోని తెలుగులనే మాట్లాడాలె" అంది. కాబట్టి దేవుడికి ఆ ఇంట్లో నోరు నేనే.

ఆ గ్రంథంలో తెలుగు మా ఇంటి తెలుగు కాదు. చదివితే ఆమెకు అర్థం కాదు, నాకూ కాదు. "అంటే ఏంది రా?" అనేది. నేను మా భాషలో విప్పి చెప్పేవాణ్ణి. మొదట్లో ఒక వాక్యానికి ఒక వాక్యం. తర్వాత ఒకదానికి మూడు. ఆమె నవ్వుతోందని తెలిశాక నాకు హుషారు వచ్చింది. ఒక్క పదం పట్టుకొని దాని చుట్టూ నేనే అల్లేవాణ్ణి. కష్టమైన ఒత్తు అడ్డమొస్తే గుంతను తప్పించినట్టు పక్క నుంచి పోయేవాణ్ణి.

"గిట్ల గూడ రాసిండ్రా?" అని అడిగేది అనుమానంగా.

"రాసిండ్రు అత్తా. చిన్న అక్షరాలల్ల ఉంది."

"నీ అసాధ్యం గూల, దేవుడు నీ లెక్కనే మాట్లాడుతడు రా" అని మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను. దేవుడు నాలాగా మాట్లాడుతున్నాడంటే, అసలు ఆయన మాట ఒక్కటీ ఆ గదిలోకి రావడం లేదని నాకప్పుడు తట్టలేదు.

మా వైపు నాగుల పంచమి అంటే ఆడబిడ్డల పండగ. అన్నో తమ్ముడో అత్తవారింటికి వచ్చి, ఆడబిడ్డను పుట్టింటికి తోల్కపోవాలి. ఎవరూ రాకపోతే ఆమె తనంతట తాను వెళ్లదు. పిలవకుండా వెళ్తే, దిక్కులేక వచ్చిందని వీధంతా అంటుంది. అత్త పండగ మానేసింది కానీ, ఆ వారం వచ్చిందంటే చేతిలో కత్తి నెమ్మదించేది.

ఒక ఏడు పంచమి ముందు రోజు, ఎదురింటామెను ఆమె తమ్ముడు బండి మీద ఎక్కించుకొని పోవడం అత్త వాకిట్లో నిలబడి చూసింది. లోపలికి వచ్చి మిరపకాయల ముందు కూర్చుంది, కానీ చేయి పెట్టలేదు.

"మనకేంది అత్తా, మనం చేస్తలేం గద" అన్నాను.

"చేస్తలేం. గాని తమ్ముడు తమ్ముడే గద రా. ఆరేండ్లాయె వాని మొకం చూసి." వాకిలి వైపు చూస్తూ అడిగింది. "నేనే పోతె ఎట్లుంటది?"

"పిలవకుండనా?"

"అదే నా పరేషాని. నువ్వు వాక్యం తీసి చూడు. పొమ్మంటె పోత. వద్దంటె ఊకుంట."

మా సంఘంలో చాలామంది ఇలాగే చేస్తారు. కష్టం వస్తే ప్రార్థన చేసి, గ్రంథాన్ని ఎక్కడంటే అక్కడ తెరిచి, కంటికి మొదట పడ్డ మాటను దేవుడి జవాబుగా తీసుకుంటారు. ఆమె కళ్లు మూసుకొని ప్రార్థన చేసింది. నేను తెరిచాను. ఆ పేజీ నిండా ఎవరికి ఎవరు పుట్టారన్న పేర్లే ఉన్నాయి. నాలుక తిరగని పేర్లు.

ఇంకో పేజీ తిప్పవచ్చు. తిప్పలేదు. ఆమె వెళ్తే నేను వెంట పోవాలి. వాళ్లిద్దరి మధ్య, నా వల్ల విడిపోయిన అక్కాతమ్ముళ్ల మధ్య, నేను నిలబడాలి. నవ్వించడానికి వీల్లేని చోట నిలబడడం నాకు చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే పేజీలోకి చూస్తూ, గ్రంథం బాణీలో గొంతు బరువు చేసి చదివాను:

"నీవు కూర్చున్నచోటనే నెమ్మదిగా కూర్చుండుము. నీ సహోదరుడు తన కాళ్లతోనే నీ గడప యొద్దకు వచ్చును."

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. "మల్ల చదువు." చదివాను. "ఇంకొకసారి." మూడోసారికి ఆమెకు నోటికి వచ్చేసింది. చేతులు కడుక్కొని, కొంగుతో తుడుచుకొని, ఆ పేజీ మీద అరచేయి పెట్టింది. ఎవరికి ఎవరు పుట్టారన్న పేర్ల మీద. నేను పిండి కలపాలని లేచిపోయాను.

ఆ మాట మీద ఆమె మూడు పంచమిలు కూర్చుంది.

శ్రావణం రాగానే తమ్ముడి కోసం ఒక కొత్త తువ్వాలు కొని గూట్లో పెట్టేది. శుక్రవారం ప్రార్థనలో లేచి, దేవుడు నాకు వాగ్దానం ఇచ్చిండని సాక్ష్యం చెప్పింది. పాస్టరయ్య అడిగారు, ఏ అధ్యాయమమ్మా అని. ఆమె నా వైపు చూసింది. "ముందర భాగంలనే ఉంది అయ్యగారు. జర పేర్ల గుంపు దాటినంక" అన్నాను. అందరూ నవ్వారు. పాస్టరయ్య కూడా నవ్వి, వెతికి చూపించు అన్నారు. చూపిస్తానన్నాను. ఆ పూట గడిచింది. పూట గడపడంలో నాకెవరూ సాటి రారు.

ఆ మధ్యలో నేను మల్లట్ పోయి వచ్చేవాణ్ణి. ఊళ్లో నా తమ్ముడి దగ్గర ఉండేవాడు నాయన. నాతో ముక్తసరిగా మాట్లాడేవాడు. ఒకసారి జొన్న కోతలప్పుడు గట్టు మీద కూర్చొని అడిగాడు.

"మీ అత్త మోకాళ్లు ఎట్లున్నయి?"

"మోకరించి మోకరించి అరిగినయి నాయనా."

నవ్వాపుకున్నాడు. బీడీ వెలిగించి, చేను వైపు చూస్తూ అన్నాడు. "పంచమికి గూడ రాదేంది రా? పండగ లేకపోతె లేకపాయె, తమ్ముడు గూడ లేడా దానికి?"

"నువ్వు పోయి తోల్కరా."

"నేను అనరాని మాటలంటి. ఏ మొకం పెట్టుకొని పోత? అదే పెద్దది. అది వస్తె నేనేమన్న తలుపు మూస్తనా? చెప్పు దానికి."

చెప్పాలి. అంత తేలికైన పని ఇంకొకటి లేదు. కానీ చెబితే ఆమె బయలుదేరుతుంది. బయలుదేరితే, దేవుడు కూర్చోమన్నాడు కదా అన్న ప్రశ్న వస్తుంది. దాని వెనకే నా సంగతి వస్తుంది. ఇంటికి వచ్చి, "నాయన నీ మోకాళ్ల గురించి అడిగిండు అత్తా, కొత్తవి కొనిస్తడేమో" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఆమె మొహం వెలిగింది. "చూసినవా? కదులుతున్నడు. వాక్యం పని చేస్తున్నది." ఆ ఏడు తువ్వాలుతో పాటు పంచె కూడా కొంది.

నాయన వేసవిలో పోయాడు. పొద్దున్నే చేనుకు పోయి, తిరిగి వచ్చి, నీళ్లడిగి, నీళ్లు తెచ్చేలోగా పోయాడు. నా తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేశాడు. మాన్వి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. అత్త కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో సంచి. సంచిలో ఏముందో నాకు తెలుసు.

ఎన్ని ఏళ్ల తర్వాతో ఆమె ఆ గడప దాటింది. నా తమ్ముడి భార్య ఆమెను పట్టుకొని ఏడుస్తూ, ఆడవాళ్లు అలాంటప్పుడు అనేవన్నీ అంటూ, ఇది కూడా అంది: "పంచమి వస్తె మామ బస్సులకాడికి పోయి కూసునేటోడు పెద్దమ్మా. ఎవరికోసమని అడిగితె ఊకెనే అనేటోడు." 

అత్త సంచిలోంచి పంచె తీసి నాయన మీద కప్పింది. 

తిరుగు బస్సులో మాన్వి దాటాక మాట్లాడింది. "వాక్యం తప్పు గాదు రా. నాదే తప్పు. నెమ్మదిగ కూసోమన్నడు. నేను కూసున్న గాని మనసుల నెమ్మది లేకపాయె. పొద్దుకు పదిసార్లు లేసి వాకిట్ల చూస్తి. నమ్మకం చాలక దేవుడు ఇయ్యలె."

అప్పుడు కూడా చెప్పలేదు. బస్సులో జనం ఉన్నారని నాకు నేనే చెప్పుకున్నాను.

చెప్పడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఆమె ప్రార్థనంతా ఒకటే, అవిశ్వాసురాలిని క్షమించమని. పక్క గదిలో పిండి జల్లిస్తూ వింటుంటే, నా నేరానికి ఇంకొకరు మోకాళ్ల మీద శిక్ష అనుభవిస్తున్నట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం గ్రంథం నా ముందు పెట్టి, చదువు అంది. తెరవలేదు.

"అత్తా, ఆ పంచమి మాట దీంట్ల లేదు."

"ఎందుకు లేదు? నువ్వే చదివితివి."

"నేనే చెప్పిన. నా నోట్లకెళ్లి వచ్చింది. నాయన దగ్గరికి పోవుడు ఇష్టం లేక చెప్పిన. ఆయన నిన్ను రమ్మన్నడు గూడ. అది గూడ చెప్పలె."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె చేతిలో కత్తి పక్కన పెట్టింది. చిన్న గొంతుతో, అప్పటిదాకా నేనెప్పుడూ ఆమె నోట వినని భయంతో అడిగింది.

"మిగిలినయి ఎన్ని రా?"

నాకు జవాబు తెలియదు. అదే నా బతుకులో పెద్ద సిగ్గు. తొమ్మిదేళ్లు చదివాను. ఏది ఆయన మాటో, ఏది నా కూతో నాకే గుర్తు లేదు. ఆమె ఆ మాటలు పట్టుకొని మామ లేని ఏళ్లు దాటింది, ఇరుగుపొరుగుకు ధైర్యం చెప్పింది, జ్వరాల్లో వల్లించింది. ఇప్పుడు ఒక్కో మాటనూ ఎత్తి చూసి, ఇది నిలుస్తుందా, ఇది కూలుతుందా అని అడుగుతోంది. చెప్పాల్సిన మనిషిని నేనే.

మరుసటి వారం నుంచి మా సంఘంలో రిటైరైన నర్సమ్మ ఒకరు మధ్యాహ్నాలు వచ్చి అత్తకు చదవడం మొదలుపెట్టారు. ఆమె విప్పి చెప్పదు. ఉన్నది ఉన్నట్టు, నింపాదిగా చదువుతుంది. అర్థం కాకపోతే మళ్లీ అదే చదువుతుంది. అత్త నవ్వదు. నేను వంటింట్లో పిండి కలుపుతూ వినేవాణ్ణి. వింటుంటే, ఇన్నాళ్లూ నేను మాట్లాడుతూ ఉండడం వల్ల మాట్లాడలేకపోయిన వాడెవరో, ఇప్పుడు మొదలుపెట్టినట్టు ఉండేది.

నేను కూడా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను, పొద్దున బజారుకు పోయే ముందు. భక్తితో కాదు, దొంగసొత్తు ఏది, ఇంటి సొత్తు ఏది అని తేల్చడానికి. వేలు పెట్టి, ఒత్తు ఒత్తుకూ ఆగి. అత్త అప్పుడప్పుడూ అడిగేది, నా మొహం చూడకుండా. "పిచ్చుకల మాట ఉందా?" "ఉంది అత్తా." "ముసలోళ్లకు దేవుడు చేతికర్ర చెక్కిస్తడని చదివితివి." "అది లేదు. అది నాదే." లేదన్న ప్రతిసారీ తల ఊపి, తనలోనుంచి దాన్ని తీసి బయట పెట్టేది.

వెతుకులాట ఎప్పుడు చదువుగా మారిందో చెప్పలేను. కొన్ని పొద్దులు ఒకే చోట ఆగిపోయేవాణ్ణి. వెనక నేను చదివి వినిపించే రోజుల్లో ఒకసారి, గింజలు తీసిన చేతితో ఆమె కన్ను నలుపుకుంటే, నీళ్లు ధారగా కారాయి. "తుడుసుకోకు అత్తా, దేవుడు నీ కండ్లనీళ్లు సీసాల పట్టుకుంటున్నడు, వాక్యంల ఉంది" అని వెక్కిరించాను. అది నా సొంత కల్పన అని ప్రమాణం చేసి ఉండేవాణ్ణి. ఒక పొద్దున అది నా వేలి కింద కనబడింది. నిజంగా. సీసా కూడా ఉంది, బుడ్డి అన్న పేరుతో. నేను నవ్వుకోవడానికి అన్న మాట, నేను పుట్టకముందే ఎవరో ఏడుస్తూ అన్నాడు. ఆ రోజు బజారుకు ఆలస్యమైంది. మొదటిసారి, ఎవరి కోసమూ కాకుండా, ఎవరూ వినకుండా, ప్రార్థన చేశాను. మాటలు రాలేదు. మాటల మనిషికి మాట రాలేదు.

ఆమెకు చెప్పాను. "కండ్లనీళ్ల సీసా ఉంది అత్తా. అది ఆయనదే."

"నాకెర్క" అంది.

"ఎట్లెర్క?"

"ఆయన మాట ఆయన లెక్కనే ఉంటది. పంచమి మాట ఆయనది గాదని గూడ తెల్వాల్సి ఉండె నాకు. ఆయన ఎవర్నన్న ఇంట్ల కూసోమంటడా? కోపముంటె లేసి పో, పోయి కలువు, అంటడు. గది నాకు తెల్సు. గాని నువ్వు చదివింది నాకు ఇంపుగ ఉండె రా. పిలవకుండ పోయే సిగ్గు తప్పె. అందుకే మూడుసార్లు చదివిచ్చుకుంటి."

నా తప్పులో ఆమె వాటా తీసుకుంటోంది. తీసుకోవద్దన్నాను. వినలేదు.

"నేను చదవాల్నా అత్తా, రేపటి నుంచి?" అని అడిగాను.

"ముందు నీ కోసం చదువుకో" అంది. కోపంగా కాదు. ఇంకా నర్సమ్మే వస్తోంది.

అత్త నన్ను క్షమించింది, ఆమె పద్ధతిలో: అన్నం పెట్టేటప్పుడు మళ్లీ నన్ను తిడుతోంది. దేవుడు క్షమించాడని గ్రంథం చెబుతోంది, ఇప్పుడు చెప్పేది నేను కాదు కాబట్టి నమ్ముతున్నాను. నాయన ఒక్కడు మిగిలాడు. అక్కకు నేనంటే లెక్కలేదు అనుకుంటూ బస్సుల దగ్గర కూర్చొని లేచి పోయినవాడు. పోయినవాళ్లతో మాట్లాడడం, వాళ్లకు కబురు పంపడం మా సంఘంలో తప్పు. పాస్టరయ్యను అడగలేదు, అడిగితే ఏమంటారో తెలుసు. కానీ ఒక పొద్దున మోకాళ్ల మీద ఉండగా నోరు జారింది.

"అత్త రావాలనే అనుకున్నది నాయనా. నేనే ఆపిన."

విన్నవాడు ఎవరో దేవుడికే తెలియాలి. లేచి, మిరపకాయలకు బజారుకు పోయాను.